ఆయాసానికి టానిక్కు

1984లో నేను తమిళనాడు ధర్మపురిలో బస్టాండు వెనక సందులో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉండినాను. కాంపౌండరంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. డాక్టరు రాసిన చీటీ చూసి, జాడీల్లోని ద్రావకాలు కలిపి, మిక్స్చరు తయారుచేసి సీసాలో పోసేవాడు కాంపౌండరు. ఆ సీసాకు పళ్లు పళ్లుగా కత్తిరించిన కాగితపు పట్టీ అంటించేది కూడా వాడే. ఒక పన్ను అంటే ఒక వేళకు మోతాదు. ఆ పట్టీలు కత్తిరించడంలో సేలం నుంచి బెంగళూరు దాకా నాకు సాటి వచ్చేవాడు లేడు. ఈ మాట నేను తప్ప వేరే ఎవరూ అనలేదంటే, దానికి కారణం అసూయే.

మా క్లినిక్కులో ఒక బల్ల ఉండేది. రైలు బోగీని కోసి చేసినంత పొడవు. రోగి ఆ కొసన కూర్చుని, ముందువాళ్లు లేచేకొద్దీ జరుగుతూ జరుగుతూ డాక్టరు గది వాకిలి చేరేసరికి, సగం జబ్బులు విసుగు పుట్టి వాటంతట అవే పోయేవి. మిగిలిన సగానికే మా డాక్టరు అవసరం పడేది.

డాక్టరు మంచివాడు, చదువుకున్నవాడు, తిరునల్వేలి వైపు మనిషి. ఆయనకు ఒకటే పిచ్చి, స్వచ్ఛమైన తమిళం. మందుల పేర్లు తప్ప ఇంగ్లీషు ముక్క నోట రానిచ్చేవాడు కాదు. ఆయన తుమ్మినా ప్రాస కుదిరేది. పల్లెల నుంచి వచ్చిన జనం ఆయన మాట విని, ఇది వైద్యమా, పురాణ కాలక్షేపమా అని తికమకపడి, అలవాటుగా చేతులు జోడించేవాళ్లు.

ఇక మా తెలుగు సంగతి. మా పెద్దలు ఈ పక్కకు వచ్చి కొన్ని వందల ఏండ్లయింది. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం, పాలు పోసే ఆమెతో కన్నడం. ఇన్నేండ్లలో ఏ మాట ఎవరి దగ్గర అప్పు తెచ్చుకున్నామో, ఏది మా సొంతమో మాకే తెలియదు. తేల్చుకుందామని కోర్టుకు పోతే అక్కడ వాదించేది తమిళంలో. అందుకని ఉన్న మాటలన్నీ మావేనని అనుకుని వాడుకుంటాం. చిక్కంతా అక్కడే వచ్చింది.

వెల్లిచందై నుంచి గాజుల లక్షుమ్మక్క వచ్చేది. యాభై దాటిన మనిషి. భుజాన మలారం లేకుండా నేనామెను చూడలేదు. మలారం అంటే గాజుల్ని తాళ్లకు గుచ్చి కట్టిన మూట. ఆమె నడిస్తే ఆ మలారం చేసే గలగల పాలకోడు దాకా వినిపించి, అక్కడ టమాటాలు వేలం పాడేవాళ్లు కూడా ఒక నిమిషం నోరు మూసేవాళ్లని చెబుతారు. చెప్పేది నేనే.

గాజుల వాళ్ల ఇండ్లలో ఒక పద్ధతి ఉంది. వాళ్లకు భూములుండవు, ఊర్లుంటాయి. అత్త తన ఊర్లను కోడండ్లకు పంచుతుంది. ఒకామె ఊర్లో ఇంకొకామె మలారం దించకూడదు. పసిబిడ్డ చేతికి వేసే నల్లగాజు మొదలుకొని, కడుపుతో ఉన్న ఆడపిల్ల సీమంతానికి తొడిగే నిండు గాజుల దాకా అన్నీ ఆ ఊరామె చెయ్యే. ఆమె కాలు ఆగిపోతే ఆ ఊర్లు యారాలికి, అంటే తోడికోడలికి, పోతాయి. లక్షుమ్మక్క యారాలి పేరు పాపమ్మ. వయసులో చిన్నది, నోట్లో పెద్దది. తన పాలికి వచ్చిన ఊర్లు చాలక, అక్క ఊర్ల మీద ఒక కన్ను వేసుకుని ఉండేది. ఆ కన్ను రెప్ప కూడా వేసేది కాదు.

లక్షుమ్మక్క మొదటిసారి వచ్చినప్పుడు, ఆ బల్ల మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు జరుగుతూ హాయిగా సేదదీరి, పక్కామెకు రెండు డజన్ల గాజులు అమ్మి, మహారాణి మాదిరి డాక్టరు గదిలోకి పోయింది. తన తమిళం మీద ఆమెకు గొప్ప నమ్మకం. నన్ను మధ్యలోకి రానివ్వకుండా తానే చెప్పింది, "నడందా ఆయాసమా ఇరుక్కుంగయ్యా." నడిస్తే ఆయాసంగా ఉందయ్యా అని.

డాక్టరు కనురెప్ప దించి చూసినాడు, అరచెయ్యి చూసినాడు, స్టెతస్కోపు పెట్టి విన్నాడు. బాగా సేదదీరిన రొమ్ములో ఏం వినిపిస్తుంది? ఏమీ లేదు. దగ్గు ఉందా అని అడిగితే లేదనింది. నిజానికి ఉంది. పెండ్లయి వచ్చినప్పట్నుంచి తెల్లారి లేచి ఇంట్లో బొరుగులు వేయించే బట్టి ముందర, వేరుశనగ పొట్టు మంట దగ్గర నిలబడి, ఆ తరవాతే మలారం ఎత్తుకునే మనిషి. ఆ ఇంట్లో దగ్గని వాళ్లు గోడ మీది బల్లులే. అందరికీ ఉండేదాన్ని జబ్బని ఎవరు చెప్పుకుంటారు?

డాక్టరు టానిక్కు రాసినాడు.

ఆయాసానికి టానిక్కా? నా బుర్రలో బండి ఒక్క నిమిషం పట్టాలు తప్పింది. మళ్లీ నేనే ఎక్కించుకున్నాను. ఊపిరి ఆడాలంటే రక్తం కావాల, రక్తం పట్టాలంటే టానిక్కు కావాల, పెద్ద చదువులు ఇట్లా చుట్టు తిరిగి వస్తాయి కాబోలు అనుకున్నాను. నేరేడుపండు రంగు మందును సీసాలో పోసి, నా కళానైపుణ్యమంతా చూపించి పట్టీ అంటించి ఇచ్చినాను.

ఆమె తాగింది. మళ్లీ వచ్చింది. ఆయాసం అనే చెప్పింది. టానిక్కు మారింది, రంగు మారింది, విటమిను సూదులు వచ్చి చేరినాయి. ఆమె బుగ్గలు పూరీల మాదిరి పొంగినాయి. ఆయాసం మాత్రం అంగుళం కదల్లేదు. ముందు ఒక్క ఊపులో పోయే ఊరికి ఇప్పుడు కల్వర్టు కల్వర్టుకూ కూర్చుని పోతావుంది. చివరి వీధి వాళ్లు గాజులకు ఎదురుచూసి ఎదురుచూసి సంతలో కొనుక్కుంటున్నారు. వెల్లిచందైలో మనిషిని చూస్తే పుష్టిగా ఉంది, పనికి చూస్తే ఎక్కడికక్కడ కూలబడుతోంది. దానికి పాపమ్మ కనిపెట్టిన పేరు బద్ధకం. మా అక్కకు వచ్చిన జబ్బు నాకూ వస్తే బాగుండు, కూర్చోబెట్టి ఎర్రనీళ్లు తాపిస్తారని ఊరంతా చెప్పుకొచ్చింది.

ఒకనాడు డాక్టరు కూడా విసిగినాడు. మందులు చాలు అనిపించిందేమో, తన చక్కటి తమిళంలో మెల్లగా అన్నాడు, "కొంజ నాళ్ ఇళైప్పారుంగమ్మా."

ఆ మాట వినగానే లక్షుమ్మక్క మొహంలో రక్తమంతా, మేము పోసిన టానిక్కులన్నిటితో సహా, కిందికి దిగిపోయింది. సీసా కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. డాక్టరుకు అంతకంటే కాలేదు.

తరవాతి వారం వచ్చింది. వెంట పాపమ్మ. ఈసారి లక్షుమ్మక్క బల్ల మీద కూర్చోలేదు, వరసలో ఉన్నవాళ్లను దాటుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"ఏం నాయనా, మీ డాక్టరు నాకు ఇళైప్పు ఉండాదని చెప్పినాడు గదా. ఆ మాట ఇంటికి పోయి చెప్పుకున్న పాపానికి నా ఊర్లు పీకుతాండారు. శుక్రవారం దిగువూర్లో సీమంతం. ఆ పిల్లకు నేనే గాజులు తొడగాల. ఇళైప్పు చెయ్యి వద్దంట, దీని చెయ్యి కావాలంట."

మా పల్లెల్లో ఇళైప్పు అంటే మామూలు మాట కాదు. అది ఊపిరి కట్టేసే జబ్బు. ఆ పేరు వింటే జనం క్షయరోగం పేరు విన్నట్టు చెంబులు వేరు పెడతారు. అటువంటి చెయ్యి కడుపుతో ఉన్న పిల్ల చేతిని తాకడానికి ఎవరూ ఒప్పుకోరు. డాక్టరు నోటితో ఆ మాట తన ఎదురుగా చెప్పించుకుని, శుక్రవారం నుంచి ఊర్లన్నీ తీసుకుందామని పాపమ్మ వచ్చింది. చెప్పలేదనిపించుకుని పోదామని లక్షుమ్మక్క వచ్చింది.

ఇద్దరినీ లోపలికి తీసుకుపోయినాను. ఆ తరవాత జరిగిన సంభాషణను ఒక పెద్ద కోర్టులో ముగ్గురు జడ్జీలు ఆరు నెలలు విన్నా తీర్పు చెప్పలేరు. డాక్టరు నేను ఇళైప్పు అననే లేదంటాడు. ఈమె నా రెండు చెవులతో విన్నానంటుంది. ఇళైప్పు లేదు, ఉండేది ఉత్త ఆయాసమే అని ఆయన. ఆయాసమే అని నేనూ మొదట్నుంచి చెబుతున్నాను గదా అని ఈమె. అయితే ఇద్దరూ ఒకటే అంటున్నారే, గొడవెక్కడ అని నేను. నా తల బొరుగుల బట్టిలో వేసిన గింజ మాదిరి చిటపటలాడింది.

చివరికి ఒక ముడి విడింది. డాక్టరు అన్నది ఇళైప్పారు. అది గ్రంథాల తమిళం. అలసట తీర్చుకో, విశ్రాంతి తీసుకో అని అర్థం. ఈమె చెవిలో ముందు సగమే పడింది.

లక్షుమ్మక్కకు ప్రాణం లేచివచ్చింది, దానితోపాటు కోపం కూడా. "రెస్టు తీసుకో అని చెప్పేదానికి, రెస్టు అని చక్కటి అరవమాట ఉండగా ఇదెందుకయ్యా మీకు?" అనింది. స్వచ్ఛమైన తమిళం కోసం బతుకంతా పాటుపడిన మా డాక్టరు మొహం చూడలేక నేను జాడీల వైపు తిరిగినాను.

పాపమ్మ మాత్రం కదల్లేదు. మాటలు ఎట్లాగైనా తిప్పుతారు, జబ్బు లేదని ఎట్లా నమ్మేదని పట్టుబట్టింది. డాక్టరుకు రోషం వచ్చింది. మలారం ఎత్తుకుని సందు చివర సైకిలు అంగడి దాకా పోయి రమ్మన్నాడు. పాపమ్మను పక్కనే నడవమన్నాడు. ఇళైప్పు ఉన్న మనిషి అట్లా నడవగలదేమో నువ్వే చూడు అన్నాడు. అని, స్టెతస్కోపు మెడలో వేసుకుని పందెం చూసేవాడి మాదిరి వాకిట్లో నిలబడినాడు. బల్ల మీది రోగులందరూ తమ జబ్బులు మరచి బయటికి వచ్చినారు. ఆ సందు అంత చిన్నదైనా, ఆ రోజు అక్కడ జిల్లాలో సగం మంది ఉండినారు.

పోయేటప్పుడు ఇద్దరూ సమంగా పోయినారు. తిరిగేటప్పుడు కొంచెం ఎగువ. ఆ ఎగువలో మలారం గలగల ఆగింది. మళ్లీ వినిపించింది. మళ్లీ ఆగింది.

వచ్చేసరికి మలారం పాపమ్మ భుజాన ఉంది. అది సాయమో, స్వాధీనమో నాకు తెలియలేదు. లక్షుమ్మక్క ఒక చేత్తో తలుపు చట్టం పట్టుకుంది. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. గొంతు కింద గుంట పడి లేస్తోంది. పొయ్యి ఊదేటప్పుడు చుట్టినట్టు పెదిమలు చుట్టి గాలి వదులుతోంది. బల్ల మీద సేదదీరిన మహారాణిని తప్ప ఈ మనిషిని మా డాక్టరు ఎప్పుడూ చూడలేదు.

ఆయన నిలబడిన చోటే ఆమె వీపుకు స్టెతస్కోపు ఆనించినాడు. చాలాసేపు విన్నాడు. ఇదేమిటమ్మా అని అడిగినాడు. తమిళానికి సరిపడే ఊపిరి ఆమె దగ్గర లేదు. ఇంటి భాషే వచ్చింది.

"ఇదే... నేను... చెప్తాండేది. ఆయాసం."

డాక్టరు నా వైపు తిరిగి ఏమంటోంది అని అడిగినాడు. ఆయాసం అంటోంది సార్ అన్నాను. ఆయన నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసినాడు. ఆయాసం అంటే అలసట గదా, ఒళ్లు బడలిక గదా అన్నాడు. ఈసారి నేను ఆయన్ను అట్లాగే చూసినాను. తమిళంలో ఆయాసమంటే ఉత్త అలసటని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. పుట్టింది మొదలు రెండు భాషలూ మాట్లాడుతూ, ఆ మాట రెండు వీధుల్లో రెండు వేషాలు కడుతోందని గమనించలేదు.

"మా ఇండ్లల్లో ఆయాసం అంటే ఇదే సార్," అన్నాను, ఆమెను చూపించి.

ఆయన లోపలికి పోయి కూర్చున్నాడు. రోగి వివరాలు రాసే కేస్ షీటు తీసి, పాత రాత కొట్టేసి కొత్తగా రాసినాడు. మొదటి ముక్క క్రానిక్ బ్రాంకైటిస్. పొగ పీల్చి పీల్చి ఊపిరి గొట్టాలు లోపల వాచి, సన్నబడిపోయే దీర్ఘకాలపు జబ్బు. రెండో ముక్క ఎక్సర్‌సైజ్ టాలరెన్స్ తగ్గింది అని. అంటే ఏమి సార్ అని అడిగితే చెప్పినాడు. మనిషి తన కాళ్ల మీద ఎంత దూరం పోతే, ఎంత బరువు మోస్తే రొమ్ము ఇక చాలు అంటుందో, ఆ హద్దు. ఈ జబ్బులో ఆ హద్దు ఏడాదికేడాది ఇంటి వైపుకు జరిగి వస్తుంది. కూర్చున్నవాళ్లలో అది కనబడదు అన్నాడు.

ఇంతలో పాపమ్మ అసలు ప్రశ్న వేసింది. "అయితే ఇది ఇళైప్పే గదా, డాక్టరయ్యా?"

ఇళైప్పే. ఆయన అనని మాట, ఈమె తప్పుగా విన్న మాట, ఇద్దరూ గంటసేపు కాదని వాదించిన మాట. అదే నిజం. తెలిసి చెప్పింది తప్పయింది, తెలియక విన్నది ఒప్పయింది. జబ్బును కనిపెట్టింది స్టెతస్కోపు కాదు, లక్షుమ్మక్క చెవుడు.

లక్షుమ్మక్క తలుపు దగ్గర నుంచి డాక్టరు నోటినే చూస్తోంది. ఆ నోట్లో ఆమె ఊర్లన్నీ ఉన్నాయి. డాక్టరు అబద్ధం చెప్పలేదు. ఇళైప్పే అన్నాడు. అయితే ఇది పొగ తెచ్చిన ఇళైప్పు, పురుగు తెచ్చింది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు అన్నాడు. ఈ చెయ్యి ఎవరికైనా గాజులు తొడగవచ్చు అన్నాడు.

"చెయ్యి సరే. కాళ్లో?" అనింది పాపమ్మ. "ఇంట్లో రెస్టు తీసుకోమన్నారు గదా?"

అక్కడ మా డాక్టరు తన చేత్తో తన మాటను రద్దు చేసినాడు. విశ్రాంతి వద్దన్నాడు. అలసటకైతే విశ్రాంతి మందు, ఈ జబ్బులో ఎక్కువ కూర్చుంటే కాళ్ల సత్తువ పోతుంది, సత్తువ పోయిన కాళ్లు ఇంకా ఎక్కువ ఊపిరి అడుగుతాయి అన్నాడు. నడవాల. రొమ్ము ఎగిసిపడకముందే ఆగాల. పెదిమలు చుట్టి మెల్లగా ఊది, మళ్లీ నడవాల. బట్టి పొగ దగ్గరికి పోకూడదు. ఊపిరి గొట్టాలు విప్పే మాత్రలు నేనిస్తాను అన్నాడు. ఇదంతా చెప్పేటప్పుడు ఆయన నోట ఒక్క గ్రంథపు మాట రాలేదు. రెస్టు అనే చక్కటి అరవమాట మాత్రం రెండుసార్లు వచ్చింది.

లక్షుమ్మక్కకు మాట తిరిగి వచ్చింది. ముందు యారాలి వైపు చెయ్యి చాపింది, మలారం కోసం.

"పాపీ, దిగువూర్లు నావి. కూర్చునే చోట కూర్చుంటా, లేచే చోట లేస్తా, ఆడోళ్లు నా కాడికే వస్తారు. గుట్ట మీది ఊరు నీకు ఇస్తాండా. ఆ మెట్ట ఇంక నా రొమ్ములో పట్టదు."

గుట్ట మీది ఊరు చిన్నది కాదు. లక్షుమ్మక్క అత్త ఆమెకు మొదట ఇచ్చిన ఊరు. కోరింది చేతికి వచ్చినందుకు పాపమ్మ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె మలారం ఇవ్వకుండా, దించకుండా, అట్లాగే నిలబడింది. డాక్టరుకు వినబడకుండా, మా తెలుగులో అనింది.

"ఆ మెట్ట నాకూ పట్టదేమో అక్కా. ఈ మూట ఎత్తుకుని ఈ సందు ఎక్కేదానికే..." అని ఆగి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది.

అదే బట్టి, అదే పొగ. ఊరంతా బద్ధకమని చాటింది, తన లోపల మొదలైనదాన్ని ఎవరూ చూడకూడదనేమో. నిజం నాకు తెలియదు. లక్షుమ్మక్క మాత్రం ఒక్క తిట్టు తిట్టలేదు. నా వైపు తిరిగి, దీనిక్కూడా చీటీ రాపించు నాయనా, దీన్ని మాత్రం బల్ల మీద కూర్చోబెట్టొద్దు, నడిపించి తీసుకురా అనింది.

శుక్రవారం సీమంతం జరిగింది. ఆ సంగతి తరవాత లక్షుమ్మక్కే చెప్పింది. ఆ ఇంటి అరుగు మీద ఊపిరి కుదుటపడేదాకా కూర్చునిందంట, లోపల ఆడవాళ్లు ఒక పాట పాడేసి ఇంకో పాట ఎత్తుకున్నారంట. ఆ తరవాత లేచి పోయి గాజులు తొడిగింది. గుట్ట మీది ఊరికి మలారం ఎక్కడం ఆగిపోయింది. సంతరోజు ఆ ఊరి ఆడవాళ్లే కిందికి దిగి వస్తున్నారని విన్నాను. బట్టి దగ్గర ఇప్పుడు మగవాళ్లు నిలబడుతున్నారంట. వాళ్లు దగ్గుతూ మా దగ్గరికి ఎప్పుడు వస్తారా అని మేము చూసినాం. వచ్చినారు కూడా.

ఇన్నేండ్లు మందులు కలిపినందుకు ఈ ఒక్క కేసు నాకు నేర్పింది ఒకటే. రోగి చెప్పే జబ్బు పేరును నమ్మకూడదు, నాకు అర్థమైందన్న నా నమ్మకాన్ని అసలే నమ్మకూడదు. ఇప్పుడు నాకు సొంతంగా మందుల అంగడి ఉంది. ఎవరైనా వచ్చి నడిస్తే ఏదో మాదిరిగా ఉంటాది, ఒక టానిక్కు ఇవ్వు అంటే, ఆ ఏదో మాదిరికి పేరేమిటని అడగను. ఈ మధ్య ఎక్కడికి పోవడం మానుకున్నావని అడుగుతాను. దానికి తెలుగులోనైనా, తమిళంలోనైనా ఒకే విధమైన జవాబు వస్తుంది. ఒక ఊరి పేరు చెబుతారు.